తప్పని తెలిసీ తలూపేశాను, ఇప్పుడేం చేయను?

పోయిన నెల ఇదే శీర్షికలో ఒకరికి జవాబిస్తూ "తప్పని తెలిశాక చేయకపోవడమే, ఇందులో ఆలోచించడానికేముంది" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. దానిమీద వచ్చినన్ని ఉత్తరాలు ఈమధ్య దేనిమీదా రాలేదు. సగానికి పైగా తిట్లే. తిట్టినవాళ్లు చెప్పిందే సబబు అనిపించింది. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఇవే తీసుకున్నాను.

ప్రశ్న: నేను ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. సరుకు బయటికి పోవాలంటే రిపోర్టు మీద నా సంతకం ఉండాలి. మొన్న ఒక బ్యాచ్‌కి చివరి టెస్టు చేసే టైమ్ లేకపోయింది, లారీ గేటు దగ్గర ఆగి ఉంది. మేనేజర్ వచ్చి "ఈ టెస్టు ఎప్పుడైనా ఫెయిలైందా? పోయినసారి అంకెలే వేసెయ్, రేపు చేద్దువుగానీ" అన్నారు. పక్కనే ఇద్దరు సీనియర్లు ఉన్నారు, నోరు మెదపలేదు. అంకెలు వేసి సంతకం పెట్టేశాను. మర్నాడు టెస్టు ఎవరూ చేయలేదు. ఎవరికీ ఏమీ కాలేదు కూడా. కానీ నాకు నిద్ర పట్టడం లేదు. నేనింత పిరికివాడినని నాకే తెలియదు. మీరన్నట్టు "చేయకపోవడమే" అయితే మరి నేనెందుకు చేశాను?
— పేరు వేయొద్దన్న పాఠకుడు

జవాబు: ముందు ఆ 'పిరికివాడు' అన్న మాట తీసేయండి. మిమ్మల్ని ఓదార్చడానికి అనడం లేదు. ఆ మాట పట్టుకుని కూర్చుంటే అసలు జరిగిందేమిటో మీకు కనబడదు, అందుకని అంటున్నాను.

1961లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే సైకాలజిస్టు ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. మామూలు ఉద్యోగాలు చేసుకునే మగవాళ్లను పిలిచి, పక్క గదిలో ఉన్న మనిషి జవాబు తప్పు చెప్పినప్పుడల్లా కరెంటు షాక్ ఇవ్వమన్నాడు. నిజానికి షాక్ ఏమీ లేదు, పక్క గదిలో మనిషి నటుడు, కానీ మీట నొక్కేవాళ్లకు అది తెలియదు. అరుపులు వినిపిస్తున్నా, "ఆపేద్దామండీ" అని వీళ్లే బతిమాలుతున్నా, ప్రయోగం నడిపిస్తున్న, బూడిదరంగు కోటు వేసుకున్నాయన "కొనసాగించండి" అనేసరికి 40 మందిలో 26 మంది చివరిదైన 450 వోల్టుల మీట దాకా వెళ్లారు. ఈ కథ చాలామంది వినే ఉంటారు. ఎక్కువమంది పట్టించుకోనిది ఆ యంత్రం ఎలా కట్టారన్నది. మీటకీ మీటకీ తేడా 15 వోల్టులే. వచ్చీ రాగానే 450 నొక్కమంటే ఎంతమంది నొక్కేవాళ్లో గానీ, 15 నొక్కినవాడికి 30 పెద్ద తేడాగా అనిపించదు, 300 నొక్కినవాడు 315 దగ్గర ఆగాలంటే ఇంతదాకా చేసింది కూడా తప్పేనని ఒప్పుకోవాలి.

మీ మేనేజర్ "దొంగ రిపోర్టు రాయి" అనలేదు. అలా అనుంటే మీరు కచ్చితంగా తటపటాయించేవారు. "రేపు చేద్దువుగానీ" అన్నారు. అది 15 వోల్టుల మీట. ఆ మాటలో తప్పు కూడా వాయిదా పడిపోయింది చూడండి, ఈరోజు చేస్తున్నది తప్పు కాదు, రేపు చేయకపోతే కదా తప్పు!

ఇక ఆ ఇద్దరు సీనియర్లు. మేనేజర్ మాటకన్నా వాళ్ల మౌనమే మీ చేత సంతకం పెట్టించిందని నా అనుమానం. 1951లో సాలొమన్ యాష్ అనే ఆయన చేసిన ప్రయోగంలో గీతల పొడవులు పోల్చి చెప్పాలి, చంటిపిల్లలైనా చెప్పగలిగేంత తేలిక. గదిలో మిగతా అందరూ ముందే మాట్లాడుకుని కావాలని తప్పు చెబుతుంటే, అసలు సంగతి తెలియని ఆ ఒక్కరు ఏం చేస్తారన్నది పరీక్ష. దాదాపు నాలుగింట మూడొంతుల మంది కనీసం ఒక్కసారైనా కళ్లెదుట ఉన్నది వదిలేసి నలుగురితో నారాయణ అన్నారు. నాకు ఇందులో నచ్చే సంగతి వేరే ఉంది. ఆ గుంపులో ఒకే ఒక్కరు సరైన జవాబు చెబితే చాలు, ఇలా గుంపుకి తలొగ్గి చెప్పే తప్పులు దాదాపు నాలుగో వంతుకి పడిపోయాయి. మిల్‌గ్రామ్ దగ్గర కూడా అంతే, పక్కన కూర్చున్న ఇద్దరు "మేం చేయం" అని లేచిపోయిన విడతలో చివరిదాకా వెళ్లింది 40 మందిలో నలుగురే. అంటే ఆ రోజు మీ సీనియర్లలో ఒకరు "ఆగండి సార్" అనుంటే మీరు ఈ ఉత్తరం రాసేవారు కాదు. ఇంకోటి, ఇది మీకు నచ్చకపోవచ్చు: వాళ్లిద్దరూ కూడా మీ మొహంలోకే చూస్తూ ఉండి ఉంటారు, సంతకం పెట్టేవాడే ఏమీ అనట్లేదు మనకెందుకని.

"ఎవరికీ ఏమీ కాలేదు" అన్న మీ మాటకి వస్తాను, మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది అదొక్కటే. మనుషులను అంతరిక్షంలోకి తీసుకెళ్లిన అమెరికా నౌక, ఛాలెంజర్ స్పేస్ షటిల్ సంగతి గుర్తు చేసుకోండి. బూస్టర్ రాకెట్ల అతుకుల దగ్గర ఉండే రబ్బరు రింగులు కాలిపోతున్నాయని, అరిగిపోతున్నాయని అంతకుముందు చాలా ప్రయాణాల్లోనే తేలింది. కానీ ప్రతిసారీ షటిల్ క్షేమంగా తిరిగొచ్చింది. తిరిగొచ్చిన ప్రతిసారీ ఆ లోపం కాస్త మామూలు విషయమైపోయింది. 1986 జనవరి 28న పైకి లేచిన 73 సెకన్లకి ముక్కలైపోయి ఏడుగురు చనిపోయారు. ముందురోజు రాత్రి బూస్టర్లు తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లు ఈ చలిలో రబ్బరు బిగుసుకుపోతుంది, వద్దన్నారు. అప్పుడు పెద్ద అధికారి ఒకాయన ఇంజనీరింగ్ విభాగం అధిపతితో "నీ ఇంజనీరు టోపీ తీసేసి మేనేజ్‌మెంట్ టోపీ పెట్టుకో" అన్నాడు. విచారణలో బయటపడ్డ మాట ఇది. ఆయన టోపీ మార్చాడు, సరేనన్నాడు. ఆ టోపీతో పాటు ప్రశ్న కూడా మారిపోయింది. 'మనుషులు బతుకుతారా' అన్నది పోయి 'షెడ్యూల్ ఏమవుతుంది, కస్టమర్ ఏమంటాడు' అన్నది వచ్చి కూర్చుంది. మీ గేటు దగ్గర లారీ చేసిన పనీ అదే.

సరే, మరి ఏం చేయాలి? మేరీ జెంటీలే అని ఒక మేనేజ్‌మెంట్ టీచర్ ఉన్నారు. ఏది ఒప్పు ఏది తప్పు అని గంటలకొద్దీ చర్చించడం కాదు, చాలాసార్లు మనకది తెలిసే ఉంటుంది, తెలిసినదాన్ని ఎవరితో, ఎప్పుడు, ఏ మాటల్లో చెప్పాలన్నదే రాదు, కాబట్టి దాన్ని ప్రాక్టీస్ చేయాలంటారావిడ. అవును, గట్టిగా, నోటితో. మనల్ని ఆపే సాకులు కూడా తిరిగి తిరిగి అవే వస్తాయట: అందరూ చేసేదే కదా, ఇదేమంత పెద్ద విషయమని, ఇది నా పని కాదు, మనవాళ్ల కోసమే కదా చేసేది. మీ మేనేజర్ వాడింది రెండోది. అది వినగానే ఆ క్షణంలో జవాబు తట్టదు, ముందే తయారుగా ఉండాలి. ఉదాహరణకి: "సార్, లారీ ఆపమని నేననట్లేదు. ఆ గడిలో 'టెస్టు చేయలేదు' అని రాసి సంతకం పెడతాను. అలాగే పంపుదామంటే కింద మీ సంతకం కూడా పెట్టండి." ఇందులో నీతిబోధ లేదు, మీరు దొంగ అనడం లేదు, అయినా అబద్ధం మీ చేత్తో రాయరు. ఇంట్లో నాలుగుసార్లు పైకి అనుకోండి. నవ్వొస్తుంది, ఫర్వాలేదు.

మొన్నటిది ఇంకా అయిపోలేదు. ఆ బ్యాచ్ శాంపిల్ మీ దగ్గర ఉంటుంది. ఈ వారమే టెస్టు చేసి, అసలు తేదీ వేసి, రిపోర్టు సరిచేస్తున్నానని మేనేజర్‌కి మెయిల్ పెట్టండి. ఫెయిలైతే సరుకు వెనక్కి రప్పించాలి, మీ అసలు భయం అదేనని నాకు తెలుసు. అది మనుషుల ఒంట్లోకి వెళ్లేదో, బ్రేకులాంటి భాగమో అయితే ఈ వారం అని కూడా ఆగకండి, రేపే చేయండి.

ప్రశ్న: పోయిన నెల మీరు రాసింది అక్షరాలా నిజం. జనానికి వెన్నెముక లేదు, అంతే. నేనైతే మొహమ్మీదే చెప్పేదాన్ని.
— ఒక పాఠకురాలు

జవాబు: నన్ను సమర్థించిన ఒకే ఒక్క ఉత్తరం మీదేనమ్మా, దానికే ఒప్పుకోలేకపోతున్నాను. ఉద్యోగం ఇంటర్వ్యూలో మగ అధికారి అసభ్యమైన ప్రశ్నలు అడిగితే ఏం చేస్తారని కొందరు యువతులను అడిగారు, 2001లో వచ్చిన పరిశోధన ఇది. ఒక్క ప్రశ్నకైనా జవాబివ్వడానికి నిరాకరిస్తామన్నవాళ్లు 68 శాతం. తర్వాత వేరే యువతులను నిజమైన ఇంటర్వ్యూ అని నమ్మించి కూర్చోబెట్టి అవే ప్రశ్నలు అడిగారు. నిరాకరించినవాళ్లు ఎంతమందో తెలుసా? ఒక్కరు కూడా లేరు. ఊహించుకున్నవాళ్లకి కోపం వచ్చింది, గదిలో కూర్చున్నవాళ్లకి భయం వేసింది. తేడా అంతా అక్కడే ఉంది. ఒడ్డున ఉన్నప్పుడు మనందరికీ ఈత వచ్చు.

మన గురించి మనకుండే అంచనా ఎప్పుడూ కాస్త ఎక్కువే. ఒక యూనివర్సిటీలో చందా కోసం పువ్వులు అమ్మే కార్యక్రమానికి ముందు విద్యార్థులను అడిగితే కనీసం ఒక పువ్వు కొంటామన్నవాళ్లు 83 శాతం, మిగతావాళ్లలో 56 శాతం కొంటారేమో అన్నారు. చివరికి కొన్నది 43 శాతం. పక్కవాళ్ల గురించి వేసిన లెక్క ఎంత దగ్గరగా ఉందో, సొంత లెక్క ఎంత దూరంగా ఉందో చూడండి! గురివింద గింజ సామెత ఊరికే పుట్టలేదు.

నా సంగతీ చెబుతాను. చాలా ఏళ్ల క్రితం ఒక మీటింగులో, నాకన్నా చిన్న ఉద్యోగంలో ఉన్న అమ్మాయి ఐడియాని ఒక పెద్దమనిషి తనదిగా చెప్పుకున్నాడు. అది ఆమెదని నాకు తెలుసు. నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంటున్నట్టు నటించాను. బయటికొచ్చాక ఆమెతో "నాకు తెలుసులే, అది నీదే" అన్నాను. అలా అన్నందుకు ఆ రోజంతా నేనేదో మంచి పని చేసినట్టు ఫీలయ్యాను కూడా. ఆమె మొహం ఇప్పటికీ గుర్తుంది.

ప్రశ్న: మా సంస్థలో ఇంటర్వ్యూ కమిటీలో ఉన్నాను. అభ్యర్థుల్లో ఒకరు నా స్నేహితుడి కూతురు. ఆ విషయం కమిటీకి ముందే చెప్పేశాను, తర్వాత పూర్తిగా ప్రతిభ చూసే మార్కులు వేశాను. అయినా ఒకాయన గొణుగుతున్నాడు. చెప్పాక కూడా అనుమానమేంటి?
— 'నా మనస్సాక్షి శుభ్రం' అని సంతకం చేసిన పాఠకుడు

జవాబు: చెప్పడం మంచిదే. కానీ చెప్పేయడంతో పని అయిపోయిందనుకోవడం దగ్గరే చిక్కొస్తుంది. 2005లో అచ్చయిన ఒక ప్రయోగంలో సీసాలో ఉన్న నాణేల విలువ ఊహించమని కొందరికి, వాళ్లకి సలహా ఇవ్వమని మరికొందరికి చెప్పారు. అవతలివాళ్లు ఎంత ఎక్కువ ఊహిస్తే సలహాదారుకి అంత లాభం. ఈ సంగతి ముందే బయటపెట్టిన సలహాదారులు, బయటపెట్టనివాళ్లకన్నా ఇంకా ఎక్కువ పెంచి చెప్పారు! 'చెప్పేశాంగా, ఇక జాగ్రత్త వాళ్లదే' అన్న ధీమా. విన్నవాళ్లేమో తగ్గించుకోవాల్సినంత తగ్గించుకోలేదు.

మీరు కావాలని ఎక్కువ వేశారని నేననట్లేదు. ఆ అమ్మాయి కాస్త తడబడితే 'టెన్షన్ పడుతోంది పాపం' అనిపించి ఉంటుంది, ముక్కూమొహం తెలియనివాడు తడబడితే 'సబ్జెక్టు రాదు' అనిపించి ఉంటుంది. రెండూ మీకు నిజాయితీ గానే అనిపించాయి. మనసులో కూర్చున్న మనిషి జడ్జి వేషంలో ఉంటాడు గానీ చేసేది లాయరు పని, ముందు తీర్పు తెచ్చేసుకుని తర్వాత కారణాలు వెతుకుతాడు. మరీ నిష్పక్షపాతంగా కనబడాలని ఆ అమ్మాయికి ఒక మార్కు తగ్గించినా అన్యాయమే. వచ్చేసారి ఇలాంటిది ఎదురైతే ఆ ఒక్క అభ్యర్థి ఇంటర్వ్యూకి గదిలోంచి లేచి బయటికి వెళ్లండి, ఆమె మార్కులు మిగతావాళ్లు వేస్తారు. గొణిగినాయనకి థాంక్స్ చెప్పండి, కష్టమే అనుకోండి.

ప్రశ్న: ఉదయం ఆఫీసుకి పరుగెడుతుంటే రోడ్డు పక్కన ఒక మనిషి కూలబడి ఉన్నాడు. ఎవరో ఒకరు చూస్తార్లే అని వచ్చేశాను. మంచివాళ్లెవరైనా ఇలా చేస్తారా?
— ఒక పాఠకురాలు

జవాబు: చేస్తారు. మతబోధకులు కావడానికి చదువుకుంటున్న 40 మంది విద్యార్థులతో 1973లో వచ్చిన పరిశోధన ఒకటుంది. ఒక భవనం నుంచి ఇంకో భవనానికి ప్రసంగం చేయడానికి పంపారు, దారిలో ఒక మనిషి మూలుగుతూ పడి ఉన్నాడు. కొందరు ఇవ్వబోయే ప్రసంగమే దారిలో పడి ఉన్నవాడిని ఆదుకున్న బైబిలు కథ మీద. తీరిగ్గా వెళ్తున్నవాళ్లలో 63 శాతం ఆగి సాయం చేశారు, 'ఇప్పటికే లేటైంది' అని తరిమినవాళ్లలో 10 శాతం. ప్రసంగం విషయం పెద్ద తేడా తేలేదు, టైమే తెచ్చింది. కాబట్టి ఇంటినుంచి పది నిమిషాలు ముందు బయల్దేరండి. ఇది నీతి సలహాలా వినిపించదు గానీ నాకు తెలిసినంతలో ఇదే పనికొస్తుంది. 'ఎవరో ఒకరు చూస్తార్లే' అన్నది మాత్రం మానుకోండి, అక్కడ దాటిపోతున్న పదిమందీ అదే అనుకుంటారు. తిలాపాపం తలా పిడికెడు.

ప్రశ్న: ఎప్పుడూ ఏదో పరిశోధన అంటారు. ఇవన్నీ నిజమేనా?
— ఒక సందేహి

జవాబు: అన్నీ కాదు. ఫారం చివర కాకుండా పైనే 'నేను నిజం చెబుతున్నాను' అని సంతకం పెట్టిస్తే జనం తక్కువ అబద్ధాలాడతారని 2012లో ఒక పేపరు వచ్చింది, బోలెడు పేరొచ్చింది. నిజాయితీ గురించిన ఆ పేపర్లోనే కల్పించిన లెక్కలు బయటపడి 2021లో వెనక్కి తీసుకున్నారు. మిల్‌గ్రామ్ మీద కూడా విమర్శలున్నాయి, షాక్ నిజం కాదని కొందరు పసిగట్టారని. అయితే 2009లో ప్రచురించిన ప్రయోగంలో 150 వోల్టుల దగ్గరే ఆపేసి, జాగ్రత్తలతో మళ్లీ చూస్తే, చెప్పినట్టు చేసేవాళ్లు అప్పటికన్నా పెద్దగా తగ్గలేదు. శాతాలను మరీ పట్టుకోకండి. మీ ఆఫీసులో గత నెల మీటింగు గుర్తు తెచ్చుకుంటే ఇందులో ఏది నిజమో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మీరు చెప్పినవన్నీ నేను చేశాను. మా విభాగంలో బిల్లుల్లో తేడాలుంటే పద్ధతిగా రాసి పైకి పంపాను. రెండు నెలల్లో నన్ను పనిలేని సీటుకి మార్చారు. రోజూ కలిసి కూర్చునేవాళ్లు పలకరించడం మానేశారు. ఇద్దరు మాత్రం చాటుగా వచ్చి "మంచి పని చేశారు" అన్నారు, అందరి ముందూ మాత్రం తలదించుకుని వెళ్లిపోతారు. ఊరికే చెప్పండి, మాట్లాడి నేను బావుకున్నదేంటి?
— పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: బావుకున్నారని అబద్ధం చెప్పలేను. ఛాలెంజర్ ప్రయోగం వద్దని ఆ రాత్రి వాదించిన ఇంజనీర్లలో రోజర్ బోయిజోలీ ఒకరు. ఆరు నెలల ముందే, 1985 జులైలో, రబ్బరు రింగుల గురించి హెచ్చరిస్తూ మెమో రాసిన మనిషి. ప్రమాదం తర్వాత విచారణలో ఉన్నదున్నట్టు చెప్పినందుకు తోటివాళ్లే ఆయన్ని వెలేసినట్టు చూశారు, చివరికి కంపెనీ వదిలేశాడు, మానసికంగా చాలా నలిగిపోయాడు. 1988లో అమెరికా సైన్సు సంఘం అవార్డు ఇచ్చింది, కానీ అవార్డు వస్తే మాట్లాడటం మానేసినవాళ్లు మళ్లీ మాట్లాడతారా? ముందు మాట్లాడమని చెప్పేవాళ్లు (నాతో సహా) ఈ సంగతి చెప్పకుండా దాటేయడం కూడా ఒక మోసమే.

కోపంలో రాజీనామా మాత్రం చేయకండి. మీరు పంపిన ప్రతి కాగితం కాపీ, తేదీలతో, దగ్గర పెట్టుకోండి. సీటు మార్పు ఆర్డరు కూడా. ఇంకో ఉత్తరం రాసేముందు ఉద్యోగ వ్యవహారాలు తెలిసిన లాయర్ని ఒకసారి కలవండి. ఆఫీసు బయట ఎవరితోనైనా రోజూ మాట్లాడండి, ఇది లాయరు సలహాకన్నా చిన్నదేం కాదు.

ఇక ఆ చాటుగా వచ్చిన ఇద్దరు. మీకు వాళ్లమీద మంటగా ఉందని ఉత్తరంలోనే తెలుస్తోంది, న్యాయమే, నేను కూడా ఒకప్పుడు అలా చాటుగా వచ్చిన మనిషినే. అయినా వాళ్లలో ఎవరికి కాస్త తక్కువ భయమో చూసుకుని, ఆదివారం ఒక ఫోన్ చేయండి. అందరి ముందూ నిలబడమని అడగొద్దు, అది 450 వోల్టులు. ఆ బిల్లుల్లో తన కళ్లతో చూసింది ఒక కాగితం మీద రాసి, కింద తేదీ వేసి తన దగ్గరే ఉంచుకుంటారా అని మాత్రం అడగండి. ఏమన్నారో నాకు రాయండి.